సాల్టేర్: ఉన్ని మిల్లు చుట్టూ వెలసిన రాతి ఊరు

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో, బ్రాడ్‌ఫర్డ్‌కు కొద్ది మైళ్ల దూరాన ఎయిర్ నది ఒడ్డున ఉన్న సాల్టేర్, మిల్లు యజమాని తన కార్మికుల కోసం ఇళ్లు, బడి, ప్రార్థనాలయం, వైద్యశాల అన్నిటినీ ఒకే ప్రణాళిక కింద కట్టించిన ఆదర్శ గ్రామాల్లో అత్యంత సమగ్రంగా నిలిచి ఉన్న వాటిలో ఒకటి. అక్కడి వాస్తుకళను అందం కోసమే చూసేవారికి దాని చరిత్ర సగమే తెలుస్తుంది; కార్మికుని పట్ల యజమానికి ఉన్న శ్రద్ధ, అతని మీద చెలాయించిన అదుపు రెండూ అదే రాతిలో కలిసి ఉన్నాయి.

19వ శతాబ్ది తొలి యాభై ఏళ్లలో ఉన్ని పరిశ్రమ వల్ల బ్రాడ్‌ఫర్డ్ జనాభా సుమారు 13 వేల నుంచి లక్ష దాటగా, మురుగు పారే దారి గాని, మంచి నీరు గాని లేని ఇరుకు వాడల్లో 1849 నాటి కలరా వందలాది మందిని పొట్టన పెట్టుకుంది. దక్షిణ అమెరికా పర్వతాల్లో పెరిగే, ఒంటె కుటుంబానికి చెందిన అల్పాకా అనే జంతువు ఉన్నిని లాభసాటిగా వడికి నేయించి సంపన్నుడైన టైటస్ సాల్ట్ (1803–1876) అంతకు ముందు ఏడాదే ఆ పట్టణానికి మేయర్ అయ్యాడు. అక్కడక్కడా చెదిరి ఉన్న తన మిల్లులన్నిటినీ ఒకచోట చేర్చాలని నిశ్చయించి, నది, కాలువ, రైలు మార్గం మూడూ పక్కపక్కనే సాగే చోటును ఎంచుకున్నాడు. ముడిసరుకు రాకకు, తయారైన బట్ట పోకకు అంతకు మించిన స్థలం దొరకదు గనుక, ఈ వలసలో కరుణ ఎంత ఉందో వ్యాపార దృష్టి కూడా అంతే ఉందని చెప్పాలి.

హెన్రీ లాక్‌వుడ్, విలియం మాసన్ అనే వాస్తుశిల్పులు రూపొందించిన మిల్లు 1853 సెప్టెంబరు 20న, సరిగ్గా సాల్ట్ యాభయ్యవ పుట్టినరోజున ప్రారంభమైంది. 545 అడుగుల పొడవున్న ఆ భవనానికి వారు ఇటలీ రాజభవనాల పోలికలు తెచ్చారు. 1868లో కట్టిన కొత్త మిల్లు పొగగొట్టాన్ని వెనిస్‌లోని ఒక చర్చి గంటగోపురం నమూనాలో నిలబెట్టారు. యంత్రాలను తిప్పే ఇరుసులను నేల కిందికి దించి, పని చేసేవారికి రొద తగ్గేలా చూడడం మాత్రం ఆ శిల్పాలంకారాలన్నిటి కంటే విలువైన పని.

1854లో మొదలైన గృహ నిర్మాణంలో 800 పైచిలుకు ఇళ్లు లేచాయి. తేనెరంగు ఇసుకరాతితో వరుసలుగా కట్టిన ప్రతి ఇంటికీ కొళాయి నీరు, గ్యాస్ దీపం, పెరట్లో సొంత మరుగుదొడ్డి ఉండేవి. బ్రాడ్‌ఫర్డ్ నేలమాళిగల్లో బతికిన కుటుంబానికి ఇది చిన్న సంగతి కాదు. అయితే ఇళ్లన్నీ ఒకటి కావు. సాధారణ కార్మికునికి రెండంతస్తుల ఇల్లయితే, పని చేయించే మేస్త్రీలకు వరుసల చివర ఎత్తైన పెద్ద ఇళ్లు, పైస్థాయి ఉద్యోగులకు ఆల్బర్ట్ రోడ్డు మీద ఇంకా విశాలమైనవి దక్కాయి. మిల్లులోని హోదాల మెట్లు వీధిలో నడిచేవారికి ఇంటి ముఖాలను బట్టే తెలిసిపోతాయి. ఆ వీధులకు పెట్టిన పేర్లలో సాల్ట్ భార్య కరొలైన్‌వి, పిల్లలవి, వాస్తుశిల్పులవి ఉన్నాయి గాని, నేతగానివి గాని, వడికే స్త్రీవి గాని లేవు.

మిల్లుకు ఎదురుగా, సభ్యులే తమ సంఘాన్ని పాలించుకునే కాంగ్రిగేషనల్ శాఖ ప్రొటెస్టెంట్లకు 1859లో చర్చి వెలిసింది. సాల్ట్ సమాధి కూడా దానిలోనే ఉంది. వైద్యశాల, బడి, వృద్ధులకు ఉచిత వసతి గృహాలు వచ్చాయి. 1871 నాటికి గ్రంథాలయం, ఉపన్యాస శాల ఉన్న విద్యాసంస్థ, నది అవతల ఉద్యానవనం కూడా సిద్ధమయ్యాయి. సారాయి అంగడికి మాత్రం చోటు లేదు. వీధికి అడ్డంగా తీగ కట్టి బట్టలు ఆరవేయడం సాల్ట్‌కు గిట్టేది కాదు కాబట్టి, ఆవిరితో నడిచే యంత్రాలతో ఉమ్మడి చాకిరేవు కట్టించాడు. ఆ భవనం ఇప్పుడు లేదు. సౌకర్యమూ నిషేధమూ ఒకే కట్టడంలో ఇమిడిన ఈ ఉదాహరణ మిగిలి ఉంటే, ఊరి చరిత్ర ఇంకా నిజాయితీగా కనిపించేది.

1933లో ఇళ్లను ఒక ఆస్తుల సంస్థకు అమ్మేయగా, యజమానీ మిల్లూ ఇల్లూ ఒకటిగా ఉన్న బంధం తెగిపోయింది. 1986లో మిల్లు మూతపడింది. మరుసటి ఏడాది జోనాథన్ సిల్వర్ అనే వ్యాపారవేత్త దానిని కొని, బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన చిత్రకారుడు డేవిడ్ హాక్నీ బొమ్మలకు అందులో ప్రదర్శనశాల తెరిచాడు. కూల్చకుండా కొత్త పనికి మలచిన ఈ తీరు, పాత మిల్లులను ఏం చేయాలో తోచని పట్టణాలన్నీ పరిశీలించదగ్గది. 2001లో యునెస్కో సాల్టేర్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. కార్మికుల కోసం కట్టిన ఆ ఇళ్లలో నేటికీ కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. చట్టరక్షణలో ఉన్న కట్టడాలు గనుక, వాటి రూపాన్ని మార్చే పనికి ముందుగా అనుమతి తీసుకోవలసిందే.