విద్యాలయాలలో ఫిర్యాదు – విచారణ

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో కర్నూలు జిల్లానుండి విడివడి, ఒంగోలు ముఖ్యపట్టణంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరినవి. 1976లో గుంటూరు సమీపాన నాగార్జున విశ్వవిద్యాలయం వెలసినది. 2022లో ఒంగోలున ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం ఏర్పడువరకు ఈ పడమటి సీమ డిగ్రీ కళాశాలలకు అదే పెద్దదిక్కు. పలకల గనుల పట్టణంనుండి, నల్లమల అంచు పల్లెలనుండి ఎందరో బాలికలు పైచదువులకై గుంటూరు రైలెక్కినారు. ఇల్లు విడిచి హాస్టలులో ఉన్న బిడ్డను తోటి విద్యార్థి అవమానించినచో, ఆమె ఎవరితో చెప్పుకొనవలెను? విన్నవారు ఏమి చేయవలెను? నిందపడిన విద్యార్థికి సమాధానం చెప్పుకొను అవకాశం ఎట్లు కలుగవలెను? ఈ మూడు ప్రశ్నలకు మనదేశం జవాబు వెదకిన తీరు తెలుసుకొనదగినది.

మొదట ఇటువంటి వ్యవహారాలకు ప్రత్యేక నియమాలు లేవు. ప్రిన్సిపాలు మాటయే శాసనం. ఆయన ధర్మబుద్ధి గలవాడైనచో న్యాయం జరిగెడిది. కళాశాలకు చెడ్డపేరు వచ్చునని జంకినచో విషయం గడప దాటెడిది కాదు.

1972 జూన్ నెలలో రాంచీలోని రాజేంద్ర వైద్యకళాశాలలో ఒక సంఘటన జరిగినది. కొందరు విద్యార్థులు రాత్రివేళ బాలికల హాస్టలు ఆవరణలో జొరబడి, ఒడలిపై బట్టలు లేకుండ తిరిగి అసభ్యంగా ప్రవర్తించినారని 36 మంది బాలికలు ఫిర్యాదు చేసిరి. ప్రిన్సిపాలు ముగ్గురు అధ్యాపకులతో విచారణసంఘం నియమించినారు. సంఘం బాలికల వాఙ్మూలాలను బాలుర పరోక్షంలో తీసికొన్నది. అనేక ఛాయాచిత్రాలను కలిపి చూపి, నిందితులను గుర్తింపజేసినది. పిమ్మట బాలురను పిలిచి, ఆరోపణలు తెలిపి, వారి సంజాయిషీ విన్నది. నలుగురిని రెండు విద్యాసంవత్సరాలపాటు బహిష్కరించిరి. సాక్షులను ఎదురుగా ప్రశ్నింపనీయలేదని వారు సుప్రీంకోర్టుకు వెళ్లిరి. 1973లో కోర్టు వారి వాదాన్ని తోసిపుచ్చినది. సహజన్యాయ సూత్రాలు అన్ని సందర్భాలలోను ఒకే అచ్చులో పోసినవి కావనియు, ఎదురుగా నిలిపినచో బాలికలు పగకు గురికావచ్చుననియు అభిప్రాయపడినది. అభియోగం తెలిపి, జవాబు వినుటను మాత్రం విద్యాలయం మానలేదని గుర్తించినది. చెప్పినవారికి రక్షణ, నిందపడినవారికి సమాధానం చెప్పుకొను హక్కు – ఈ రెండును ఒకే త్రాసున నిలిచిన తీర్పు అది.

1997లో రెండు అడుగులు పడినవి. ఆ ఆగస్టులో విశాఖ కేసు తీర్పు ద్వారా సుప్రీంకోర్టు, పనిచేయు చోట్ల స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదు కమిటీలు ఉండవలెనని ఆదేశించినది. పేరు విశాఖయే అయినను ఆ కేసు రాజస్థాన్‌నుండి వచ్చినది; అది అర్జీ వేసిన సంస్థ పేరు. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ శాసనసభ ర్యాగింగు నిషేధచట్టం చేసినది. ఫిర్యాదు అందిన వెంటనే సంస్థాధిపతి విచారింపవలెను. పైకి నిజమని తోచినచో నిందితుని సస్పెండు చేయవలెను. అట్లు చేయక ఉపేక్షించినచో ఆయనయే నేరానికి తోడ్పడినట్లు భావింపబడును. ఇంతకంటె గట్టిగా చట్టం ఏమి చెప్పగలదు?

అయినను 2015 జూలై 14వ తేదీన నాగార్జున విశ్వవిద్యాలయపు హాస్టలులో వాస్తుశాస్త్రం చదువుచున్న మొదటి సంవత్సరపు విద్యార్థిని ప్రాణం తీసుకొన్నది. ఆమె వ్రాసి ఉంచిన మాటలలో పైతరగతి విద్యార్థుల ప్రవర్తనను గూర్చిన ఆవేదన ఉన్నది. ముగ్గురు విద్యార్థులు అరెస్టయినారు. విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి బాలసుబ్రహ్మణ్యం అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ నియమించినది. తొమ్మిదేండ్లకు, 2024 నవంబరులో, ఋజువులు చాలవని గుంటూరు న్యాయస్థానం కేసు కొట్టివేసినది. ఋజువు కానిదానిని ఋజువైనట్లు మనం పలుకరాదు. కాని ఒక్క సత్యం మిగిలినది: మరణం తరువాత వచ్చు విచారణ ఎవరికిని పూర్ణన్యాయం చేయజాలదు. బిడ్డ తిరిగిరాదు, నిర్దోషులుగా తేలినవారికి తొమ్మిదేండ్లు తిరిగిరావు.

2013లో పార్లమెంటు చేసిన చట్టాన్ని అనుసరించి, విశ్వవిద్యాలయ నిధుల సంఘం రూపొందించిన నియమాలు 2016 మేలో ప్రకటితమైనవి. ప్రతి కళాశాలలోను ఉన్నతశ్రేణి అధ్యాపకురాలి అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండవలెను. సభ్యులలో సగమైనను స్త్రీలు కావలెను. విద్యార్థులకు సంబంధించిన వ్యవహారమైనచో వారు ఎన్నుకొన్న ముగ్గురు విద్యార్థులును కూర్చుందురు. వైస్ ఛాన్సలరు, ప్రిన్సిపాలు వంటి అధికారులకు అందులో స్థానం లేదు. సంఘటన జరిగిన 3 నెలలలో ఫిర్యాదు వ్రాసి ఈయవలెను; తగిన కారణమున్నచో మరి 3 నెలల గడువు దొరకును. ఫిర్యాదు ప్రతి 7 రోజులలో ప్రతివాదికి చేరవలెను. అతడు 10 రోజులలో జవాబీయవలెను. విచారణ 90 రోజులలో ముగియవలెను. శిక్ష మందలింపు, హితబోధలనుండి హాస్టలు ప్రవేశం నిలుపుదల, బహిష్కరణ వరకు ఉండవచ్చును. ఋజువు చూపలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం కాదు. కావలెనని కల్పించినచో మాత్రం శిక్ష గలదు. ఇరుపక్షాలకును అప్పీలు ఉన్నది.

కళాశాల విచారణ, కోర్టు విచారణ ఒకటి కావు. కోర్టు జైలుకు పంపగలదు కనుక సందేహానికి తావులేని ఋజువు కోరును. కళాశాల తన క్రమశిక్షణను కాపాడుకొనును. అందుచేత త్వరగా, గుట్టుగా, నొచ్చిన మొదటి దినములలోనే పలుకగలదు. నేరం తీవ్రమైనపుడు పోలీసులవద్దకు వెళ్లు హక్కును ఈ కమిటీ తీసివేయదు. ఆ దారిలో విద్యార్థినికి సాయపడుట కూడ దాని విధియే.

ఈ యాభై యేండ్ల చరిత్ర చెప్పునది ఒక్కటే. నియమాలు లేక కాదు, వినెడి చెవి లేకనే బిడ్డలు నష్టపోవుచున్నారు. పిల్లను చేర్పించు దినమున ఫీజు ఎంత, భోజనం ఎట్లున్నదని అడుగుచున్నాము. కమిటీలో ఎవరున్నారు, వారి పేర్లు గోడపై ఎక్కడ వ్రాసినారని కూడ అడుగవలెను. అబ్బాయిని పంపు తలిదండ్రులకును ఆ ప్రశ్న అంతే అవసరం. ఇద్దరి మంచియు ఆ గోడమీది కాగితంపైననే ఆధారపడి ఉన్నది.