సాక్ష్యం స్టిక్కర్ మీద ఉంది

2009 నవంబర్. థ్యాంక్స్‌గివింగ్ సెలవులు ఇంకా రెండు రోజులున్నాయనగా, అమెరికాలో ఎంఎస్ చదువుతున్న ఆ వరంగల్ కుర్రాడి లాప్‌టాప్‌లోంచి టక్, టక్ అని చప్పుడు మొదలైంది. రాత్రి పదకొండు దాటింది. ప్రాజెక్టు రిపోర్టు సగంలో ఉంది. మౌస్ బాణం ఉన్నచోటే ఆగిపోయింది. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసి మళ్లీ ఆన్ చేశాడు. ఆపరేటింగ్ సిస్టమ్ దొరకడం లేదని నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి.

రిపోర్టు కాపీ మెయిల్‌లో ఉంది కాబట్టి అది దక్కింది. పోయింది హార్డ్ డిస్కు. దానితోపాటే అందులో ఉన్న విండోస్ ఎక్స్‌పీ.

ఈ కుర్రాడి పేరు రాయడం లేదు. అప్పట్లో ఇదే ఇబ్బంది పడ్డవాళ్లు చాలామంది. కథ వాళ్లందరిదీ.

ఆ లాప్‌టాప్ 2007లో సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నది. వాళ్ల నాన్న కూడా వెంట వచ్చాడు. ఒరిజినల్ విండోస్ ఉంటే ధర ఎక్కువని తెలిసీ అదే ఇప్పించాడు. "బిల్లు తీస్కో బిడ్డా, మంచిగ దాచిపెట్టుకో" అని రెండుసార్లు చెప్పాడు. కొడుకు బిల్లు దాచాడు. దాచడానికి ఎక్స్‌పీ సీడీ మాత్రం పెట్టెలో లేదు. ఆ రోజుల్లో చాలా కంపెనీలు సీడీ ఇవ్వడం మానేసి, అదే హార్డ్ డిస్కులో ఒక మూల రికవరీ పార్టిషన్ పెట్టి వదిలేసేవి. డిస్కు పోతే రికవరీ కూడా పోతుంది. కొనేవాడికి ఈ సంగతి చెప్పేవాళ్లు ఉండేవారు కాదు.

అయినా అతను మరీ కంగారు పడలేదు. పుస్తకాల అరలో విండోస్ 7 అప్‌గ్రేడ్ డీవీడీ ఉంది.

విండోస్ 7 బజారులోకి వచ్చింది ఆ ఏడాది అక్టోబర్ 22న. అమెరికాలో హోమ్ ప్రీమియం పూర్తి వెర్షన్ 199.99 డాలర్లు. పాత విండోస్ ఉన్నవాళ్లకు అప్‌గ్రేడ్ 119.99. యూనివర్సిటీ మెయిల్ ఐడీ ఉన్న విద్యార్థికి మాత్రం 29.99. అంటే అప్పటి లెక్కన దాదాపు 1,400 రూపాయలు. అసిస్టెంట్‌షిప్ లేక, నెల ఖర్చును నలుగురూ పంచుకుంటూ బతికే మన పిల్లలకు ఆ ధర పెద్ద ఊరట. మంచి పథకమని ఇప్పటికీ నా అభిప్రాయం. ఇతను కాస్త అదనంగా కట్టి డీవీడీ కూడా తెప్పించుకున్నాడు. డౌన్‌లోడ్ మాత్రమే తీసుకున్న రూమ్మేట్ 64 బిట్ వెర్షన్ ఎంచుకున్నాడు. అతని లాప్‌టాప్‌లో ఉన్నది 32 బిట్ ఎక్స్‌పీ. దించుకున్న ఫైలు అందులో తెరుచుకోనే లేదు. వేరే కంప్యూటర్ వెతుక్కోవాల్సి వచ్చింది.

బ్లాక్ ఫ్రైడే తెల్లవారుజామున చలిలో క్యూ కట్టి కొత్త హార్డ్ డిస్కు కొన్నారు. లాప్‌టాప్ తిరగేసి, నాలుగు స్క్రూలు తీసి, పాతది లాగి కొత్తది బిగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. డీవీడీ పెట్టి ఆన్ చేస్తే సెటప్ మొదలైంది. అప్‌గ్రేడా, కస్టమా అని అడిగింది. కస్టమ్ నొక్కాడు. ప్రొడక్ట్ కీ తర్వాత ఇద్దామని ఖాళీగా వదిలాడు. ఫైళ్లు కాపీ అయ్యాయి, రెండుసార్లు రీస్టార్ట్ అయింది, నీలి తెర మీద కొత్త విండోస్ కనబడింది. అందరూ చుట్టూ చేరి చూశారు.

అప్పుడు 25 అక్షరాల కీ కొట్టాడు. యాక్టివేషన్ ఆగిపోయింది. తప్పు సంఖ్య 0ఎక్స్‌సీ004ఎఫ్061. ఈ కీ అప్‌గ్రేడ్‌కే పనికొస్తుంది, కొత్తగా ఇన్‌స్టాల్ చేయడానికి కాదు అని దాని సారాంశం. గడువు 30 రోజులు. పరీక్షలు డిసెంబర్‌లో.

ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే.

"ఎందుకు మామా తిప్పలు? నా దగ్గర క్రాక్ డీవీడీ ఉంది, అరగంటలో అయిపోద్ది" అన్నాడు నాలుగో రూమ్మేట్. ఈ కథలో నన్ను బాగా బాధపెట్టే చోటు ఇదే. నాన్న లైసెన్సుకు డబ్బు కట్టాడు, కొడుకు అప్‌గ్రేడ్‌కు కట్టాడు. రెండుసార్లు కట్టినవాడి చేతికి దొంగ కాపీ వచ్చే పరిస్థితి. దొంగ కాపీ వాడేవాడికి ఈ 0ఎక్స్‌సీ004ఎఫ్061 ఎదురుకాదు.

అతను క్రాక్ వద్దన్నాడు. పై అంతస్తులో ఉండే గుంటూరు సీనియర్‌కు ఫోన్ చేశాడు.

సీనియర్ వచ్చీ రాగానే తెర వైపు చూడలేదు.

"ఏరా, పాత డిస్కులో ఉన్నది ఒరిజినల్ ఎక్స్‌పీయేనా?"

"ఔనన్నా. బిల్లు కూడా ఉంది."

"బిల్లు సంగతి తర్వాత. ముందు దాన్ని తిప్పు."

ఛార్జర్ పీకి, బ్యాటరీ తీసి లాప్‌టాప్‌ను బోర్లా పెట్టారు. అడుగున స్టిక్కర్ ఉంది. రెండేళ్ల వేడికి, ఒళ్లో పెట్టుకున్న రాపిడికి అంచులు లేచాయి, అక్షరాలు అలికినట్టయ్యాయి. సెల్‌ఫోన్ వెలుతురులో వంగి చూస్తే విండోస్ ఎక్స్‌పీ హోమ్ ఎడిషన్ అన్నది స్పష్టంగానే ఉంది. కింద కీలో ఒకచోట 'బి'నో 'ఎనిమిదో' తెలియడం లేదు.

"చాలు. ఇది లేకపోతే నేను చెయ్యను. ఉంది కాబట్టి చేస్తున్నాను" అన్నాడు సీనియర్.

తర్వాత వాళ్లకు అసలు కారణం చెప్పాడు. విండోస్ 98 అప్‌గ్రేడ్ సీడీని ఖాళీ డిస్కు మీద వేస్తే పాత విండోస్ డిస్కు పెట్టమని అడిగేది. చూపిస్తే ముందుకు సాగేది. ఎక్స్‌పీ అప్‌గ్రేడ్ కూడా అంతే. చేతిలో డిస్కు ఉంటే అదే సాక్ష్యం. 2007 జనవరి 30న మార్కెట్లోకి వచ్చిన విస్టాతో ఆ పద్ధతి పోయింది. సీడీ చూపించే వీలు తీసేశారు. పాత విండోస్ ఆ కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయి ఉండాలి. విండోస్ 7లోనూ అంతే. లైసెన్సు మనిషి దగ్గర ఉందా అన్నది దానికి తెలియదు. డిస్కు మీద ఆనవాలు ఉందా అన్నదే చూస్తుంది. కొత్త డిస్కు మీద ఏ ఆనవాలూ లేదు. రాయితీ ఇచ్చింది హక్కు ఉన్నవాడికి. ఆ హక్కును డిస్కులో మాత్రమే వెతకడం సరి కాదు. హార్డ్ డిస్కు ఎప్పుడో ఒకప్పుడు పోయే వస్తువు.

దారులు రెండున్నాయన్నాడు. ఇన్‌స్టాల్ అయిన విండోస్ 7 లోపలి నుంచి అదే డీవీడీతో ఇంకోసారి అప్‌గ్రేడ్ చేయడం ఒకటి. దానికి గంటలు పడుతుంది. రెండోది రిజిస్ట్రీలో ఒక్క అంకె మార్చడం.

రెజెడిట్ తెరిచాడు. లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్ వెర్షన్, సెటప్, చివరికి ఓఓబీఈ. అక్కడ మీడియాబూట్‌ఇన్‌స్టాల్ అన్న పేరు, దాని పక్కన 1. డీవీడీతో బూట్ చేసి కొత్తగా వేసిన విండోస్ అని ఆ 1కి అర్థం. రెండుసార్లు క్లిక్ చేసి దాన్ని 0 చేశాడు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్‌ఎల్‌ఎమ్‌జీఆర్, స్లాష్, రీఆర్మ్ కొట్టి, రీస్టార్ట్ చేయించాడు.

"ఇప్పుడు కీ కొట్టు. నువ్వే కొట్టు."

వరంగల్ కుర్రాడు కొట్టాడు. నాలుగు క్షణాల్లో యాక్టివేషన్ పూర్తయిందని వచ్చింది.

ఆ అంకె మార్చడం అప్పటికే చాలామందికి తెలుసు. పాత లైసెన్సు లేనివాళ్లు కూడా దీనితో చవగ్గా గట్టెక్కవచ్చు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకున్నంత మాత్రాన లైసెన్సు వచ్చినట్టు కాదని మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆ రోజుల్లోనే గట్టిగా చెప్పారు. ఆ మాటలో న్యాయం ఉంది. సీనియర్ లాప్‌టాప్‌ను ముందు బోర్లా తిప్పించింది అందుకే. యంత్రం చేయని తనిఖీని అతను తన కళ్లతో చేశాడు. అతని పట్ల నా గౌరవం అక్కడే పెరిగింది.

ఈ ముడి అధికారికంగా వీడటానికి మరో ఆరేళ్లు పట్టింది. 2015 జూలై 29న విండోస్ 10 ఉచిత అప్‌గ్రేడ్‌గా వచ్చింది. మొదట్లో అదీ పాత విండోస్ లోపలి నుంచే నడపాలంది. ఆ నవంబర్‌లో వచ్చిన 1511 వెర్షన్ నుంచి మాత్రం విండోస్ 7, 8, 8.1 కీలను నేరుగా, ఖాళీ డిస్కు మీద కూడా తీసుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఉద్యోగంలో స్థిరపడ్డ మనవాడు పాత లాప్‌టాప్‌కు మళ్లీ కొత్త డిస్కు వేసి, విండోస్ 10 ఎక్కించి, 2009 నాటి అప్‌గ్రేడ్ కీ కొట్టాడు. మొదటిసారే తీసుకుంది. పాత విండోస్ ఏదని అడగలేదు.