సామాజిక ఆరోగ్య అవసరాల అంచనా: రిసాలి

ఒక ప్రాంత ప్రజలను పీడిస్తున్న జబ్బులేవి, వాటికి కారణాలేవి, ఉన్న వైద్యం ఎవరిదాకా చేరుతోంది, ఎవరికి అందడం లేదు అన్న సంగతులను ప్రజారోగ్య కార్యక్రమం తలపెట్టడానికి ముందే తేల్చుకోవడాన్ని సామాజిక ఆరోగ్య అవసరాల అంచనా అంటారు. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ బ్రాడ్‌షా 1972లో అవసరాన్ని నాలుగు రకాలుగా విడదీశాడు: నిపుణులు నిర్ణయించేది, ప్రజలకు తోచేది, వైద్యం కోసం వచ్చి అడిగేది, మరొక చోటుతో పోల్చినప్పుడు బయటపడేది. ఆసుపత్రి రిజిస్టరుకు ఎక్కేది వీటిలో మూడోది ఒక్కటే. భిలాయి వంటి ఉక్కునగరంలో ఆ రిజిస్టరును మాత్రమే నమ్మి పథకం వేస్తే, గడప దాటి లోపలికి రాలేనివాళ్లు లెక్కలోనే ఉండరు.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి కూడా ఎన్నో కుటుంబాలు ఇక్కడికి తరలివచ్చి స్థిరపడ్డాయి. పర్మనెంటు ఉద్యోగికీ అతని కుటుంబానికీ కర్మాగారం నడిపే సెక్టర్-9 ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కార్మికుడికి ఈఎస్‌ఐ బీమా ఉండవచ్చు. ఇళ్లలో పాచిపని చేసే ఆమెకు ఈ రెండూ లేవు. భిలాయి నుంచి విడివడిన రిసాలిలో కంపెనీ క్వార్టర్లూ, మరోదా, నెవయి వంటి పాత ఊళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఈ కొత్త నగరపాలక సంస్థకు తొలి ఎన్నికలు 2021 డిసెంబరులో జరిగాయి. అప్పటికి చేతిలో ఉన్న జనగణన 2011 నాటిది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా స్థాయి దాకానే అంకెలిస్తుంది. దుర్గ్ జిల్లా సగటులో క్వార్టర్ల పిల్లవాడి బరువూ బస్తీ పిల్లవాడి బరువూ కలిసిపోతాయి. కాబట్టి వార్డువారీ లెక్క కావాలంటే ఇంటింటికీ వెళ్లక తప్పదు.

జబ్బు ముంచుకొస్తుంటే సర్వేలకు వ్యవధి ఎక్కడిదన్న ఆక్షేపణ ఉంది. 2018లో దుర్గ్, భిలాయిల్లో డెంగీ విజృంభించి ప్రాణాలు తీసినప్పుడు ముందు చేయవలసింది వైద్యమే, సందేహం లేదు. అయితే ఏ వీధిలో కుళాయి నీళ్లు డ్రమ్ముల్లో పట్టి ఉంచుకుంటారు, ఎవరి కూలర్లలో నీళ్లు రోజుల తరబడి నిలిచిపోతాయి అన్నది ముందే తెలిసుంటే, మందు చల్లేవాళ్లు తిన్నగా అక్కడికే వెళ్తారు. ఈ సమాచారానికి ఏళ్లు పట్టవు. 2002లో ఈ రాష్ట్రమే మొదలుపెట్టిన మితానిన్ పథకపు ఆరోగ్య కార్యకర్తలు ఆ వీధుల్లోని ఆడవాళ్లే. తమ పేటలో ఏ ఇంట్లో గర్భిణి ఉందో, ఏ ఇంట్లో క్షయ రోగి మందు మానేశాడో వాళ్లకు తెలుస్తుంది.

జనాన్ని అడిగితే సూదిమందో పెద్దాసుపత్రో కావాలంటారు తప్ప అసలు అవసరం చెప్పలేరన్నది ఇంకా బలమైన ఆక్షేపణ. ఇందులో నిజముంది. ఉదాహరణకు, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు చాలామందిలో ముదిరేదాకా బాధ పెట్టదు. క్రియాటినిన్ పరీక్ష చెప్పేదాకా రోగికే తెలియదు. అందుకే పరీక్షలూ అంచనాలో భాగం కావాలి. అలాగని అడగడం మానెయ్యడానికి వీల్లేదు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో కాంట్రాక్టు గని కార్మికులు తమకేం కావాలో తామే తేల్చుకుని, 1983లో షహీద్ ఆసుపత్రిని నెలకొల్పుకున్నారు. ఆ అవసరాన్ని ముందుగా పసిగట్టింది నిపుణులు కాదు, దాన్ని అనుభవించినవాళ్లే.

ఇక ఎవరు, ఎప్పుడు, ఏ భాషలో అడుగుతారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పొద్దున పదకొండింటికి తలుపు తడితే షిఫ్టుకు పోయిన కాంట్రాక్టు కార్మికుడూ ఉండడు, పనికి పోయిన ఆడమనిషీ ఉండదు. హిందీ ప్రశ్నావళితో వస్తే తెలుగే తెలిసిన ముసలమ్మ తరఫున కొడుకే జవాబిస్తాడు. తన గర్భసంచి బాధ ఆవిడ అతని ఎదుట చెప్పుకోదు. రిసాలిలో అడగాల్సిన వేళ సాయంత్రం, అడగాల్సిన మనిషి ఆవిడ భాష తెలిసిన ఆడమనిషి. వచ్చిన ఫలితాలను కూడా నిధులు కేటాయించే ముందే ఆ వార్డులో చదివి వినిపించాలి. తప్పిపోయిన ఇళ్లేవో అక్కడివాళ్లే చెబుతారు.