బెట్టలో పత్తి చేను, మా కూలి

సంక్రాంతి దాటితే ప్రకాశం పడమటి వైపున్న మా సుగాలి తండాల్లో ముసలివాళ్లు, పసిపిల్లలే మిగులుతారు. పని చేయగలిగినవాళ్లంతా గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. ఈ వలస చరిత్రలో వానకే కాదు, గాలికి కూడా చోటుంది.

ఆ నల్లరేగడి మొదటినుంచీ పత్తి, మిర్చి నేల కాదు. జొన్న, సజ్జ, కొర్ర పండిన నేల. మిరప అయితే మన దేశపు మొక్కే కాదు, పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చింది. కరువూ కొత్త కాదు. 1832-33 నందన కరువులో ఒక్క గుంటూరు సీమలోనే లక్షకు పైగా జనం చనిపోయారు. 1967లో సాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారు. తర్వాతి ఇరవై ఏళ్లలో మెట్ట చేలు పత్తికి మళ్లాయి. కాలువ చివరి పొలాలు మాత్రం వాన కోసమే చూశాయి.

1987-88లో తెల్లదోమ పత్తిని పాడుచేసింది. ఎండకు, బెట్టకు బలిసే పురుగు అది. రెండు జిల్లాల్లోనూ పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ల కథ పత్రికల్లో వచ్చింది. పత్తి తీసే చేతులకు ఆ ఏడు ఎన్ని రోజుల పని పోయిందో ఎవరు రాశారు?

ఇక గాలి సంగతి. బొగ్గుపులుసు వాయువును 1958లో హవాయి దీవిలో కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో అది 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. మొక్కకు అదే తిండి కదా, పంట పెరగాలి కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. అమెరికాలోని అరిజోనాలో పత్తి చేలమీదికి ఆ వాయువును వదిలి చూస్తే దిగుబడి పెరిగింది కూడా. ఆకు సన్న రంధ్రాలతో గాలి తీసుకుంటుంది, వాటిలోంచే నీళ్లు ఆవిరవుతాయి. వాయువు ఎక్కువుంటే రంధ్రాలు కొంచెం తెరిచినా చాలు, నీళ్లు మిగులుతాయి. కానీ బెట్ట ముదిరితే మొక్క వాటిని మూసేస్తుంది. నోరు మూసుకున్నవాడి ముందు ఎంత అన్నం పెడితే ఏం? ఆవిరి పోక ఆకు వేడెక్కుతుంది, పూత, పిందె రాలిపోతాయి. భూమి వేడిని పెంచేదీ ఆ వాయువే.

జొన్న, కొర్రల తీరు వేరు. అవి ఆ వాయువును ఆకులోపలే కూడబెట్టుకుంటాయి, తక్కువ నీళ్లతో గడుపుకుంటాయి. అయినా అందరూ జొన్నే వేయాలని మేము అనలేం. మిర్చి చేనంత కూలి పని జొన్న చేను ఇవ్వదు.

పత్తి తీతకు కూలి చాలాచోట్ల కిలోల లెక్క. బెట్టకు కాయ చిన్నదైన ఏడు కూడా మా ఆడవాళ్లు అన్నే సాళ్లు తిరుగుతారు. సాయంత్రం కాటా దగ్గర మూట తేలిపోతుంది.