మురిగిన గుడ్డు చెప్పే చరిత్ర



బోనకల్ మొదలు భద్రాచలం అడవుల దాకా కోడిని పొదగేయడం ఎక్కువగా ఆడవాళ్ళ పని. గంపలో గడ్డి పరచి, పది పన్నెండు గుడ్లు పెట్టి, పొదుగుకొచ్చిన పెట్టను కూర్చోబెడితే ఇరవై ఒకటో రోజుకు పిల్లలు. వేడి ఎంత, తడి ఎంత అని ఎవరూ చూడలేదు. ఆ లెక్క పెట్టకే తెలుసు. గుడ్లను అదే తిప్పుకుంటుంది, కాసేపు మేతకు దిగి మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

యంత్రం వచ్చాక ఆ లెక్క మన నెత్తిన పడింది. యంత్రం ఎందుకొచ్చిందంటారా? హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో కోళ్ళ పరిశోధన సంస్థ వెలిసింది. అక్కడ తయారైన వనరాజా, గ్రామప్రియ కోళ్ళు పెరటి పెంపకానికి పల్లెలకు చేరాయి. నాటుకోడి కంటే గుడ్లు ఎక్కువ, కాని పొదుగు గుణం తక్కువ. సంకరజాతి గనుక వాటి పిల్లలకు తల్లి గుణాలన్నీ రావు. అది వేరే కథ.

పెట్ట లేకుండా పిల్లలు చేయడం కొత్త విద్యేమీ కాదు. ఈజిప్టులో గుడ్లను పేడకుప్పల్లో పెట్టి పొదిగిస్తారని గ్రీకు పండితుడు అరిస్టాటిల్ రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే రాశాడు. తర్వాత అక్కడివాళ్ళు ఇటుకలతో పొదుగు గదులు కట్టారు. థర్మామీటరు ఎరగరు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి పట్టేవారు! అంత చెయ్యి తిరిగినవాళ్ళు కూడా మూడింట రెండువంతుల పిల్లల్ని అప్పగిస్తామనే ఒప్పుకునేవారట. ఆ సంగతి రాసినవాడు రియామూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1749లో ఈ విద్య మీద పుస్తకం అచ్చువేశాడు. ఆయనా పేడ వేడితోనే మొదలుపెట్టాడు. వేడి సరిపోయింది, పిల్లలు మాత్రం చచ్చాయి. పేడలోంచి లేచిన ఆవిరి గుడ్లను చుట్టేయడమే కారణమని ఆయన పట్టుకున్నాడు.

మన పొరపాటు కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. వానాకాలంలో గాలిలోనే తేమ నిండి ఉంటే, పుస్తకంలో ఉందని ట్రేలో నీళ్ళు నింపుతాం, వేడి పోతుందని గాలి రంధ్రాలు మూస్తాం. పిల్ల తడిసి ఉబ్బి, పెంకు పగలగొట్టలేక చస్తుంది. మొదటి పద్దెనిమిది రోజులు తేమ 55 శాతం చుట్టూ, చివరి మూడు రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. చివర్లో తేమ చాలకపోతే పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. ఫ్యాను ఉన్న యంత్రంలో వేడి 37.5 డిగ్రీల సెంటీగ్రేడు. ఇరవయ్యో రోజుకే పిల్లలు లేస్తే వేడి ఎక్కువైందన్నమాట. ఇరవైరెండు దాటితే తక్కువైంది.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. యంత్రం చెడిందని రైతు వస్తే, ముందు పిల్లకాని గుడ్లు పగలగొట్టి చూడండి. ఏడో రోజు దీపానికి అడ్డం పెడితే తేటగా కనబడిన గుడ్డుకు యంత్రంతో పనిలేదు, పుంజును చూసుకోవాలి. పది పెట్టలకు ఒక పుంజైనా ఉందా? నెత్తుటి ఉంగరం కనబడిందా, పిండం మొదటి రోజుల్లోనే పోయింది. ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. ఇరవై డిగ్రీలు దాటితే చాలు, గుడ్డులో జీవం మెల్లగా కదలడం మొదలవుతుంది. మే నెలలో రేకుల కింద దాచిన గుడ్డు సగం మేలుకొని, సరైన వేడి అందక అక్కడే చస్తుంది. యంత్రంలో పెట్టేనాటికే దాని పని అయిపోయింది. ఆ నష్టం ఇంటి ఇల్లాలి చేతి డబ్బుకు.

కాబట్టి గుడ్లను ఏ పూటకాపూట ఏరి, తడి ఇసుకలో పాతిన మట్టికుండలో, వెడల్పు కొన పైకి ఉండేట్టు దాచండి. కడగవద్దు. వారం దాటకుండా యంత్రంలో పెట్టేయండి. పెట్టాక రోజుకు మూడుసార్లయినా తిప్పండి. పద్దెనిమిదో రోజు నుంచి కదిలించకండి.