సర్వర్ బ్యాకప్: కాపీ కూడా అదే గదిలో ఉందా? రోజూ దానంతటదే బయటికి పోయేలా ఇలా సెట్ చేసుకోండి..

నడిగడ్డ జనం 2009 అక్టోబర్‌ను అంత ఈజీగా మర్చిపోరు. తుంగభద్ర పొంగి అలంపూర్‌లోకి నీళ్లొచ్చాయి, అవతలి ఒడ్డున కర్నూలు మునిగింది. తడిసిన కాగితమైతే ఎండబెట్టుకోవచ్చు. బురదనీళ్లలో నానిన హార్డ్ డిస్క్ సంగతి వేరు.

ఇప్పుడు గద్వాల చీరల షాపు లెక్కలైనా, వనపర్తిలో స్కూల్ మార్కులైనా, నాగర్‌కర్నూల్ స్టూడియోలో పెళ్లి వీడియోలైనా మూలనున్న ఒక్క సర్వర్‌లోనే ఉండొచ్చు. బ్యాకప్ ఉందా అంటే ఉందంటారు. ఎక్కడంటే, పక్క టేబుల్ మీదే!

దానికి వరదే రానక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు అంటుకున్నాయి. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్లు పోయాయి. సైజు ఎక్కువని బయట కాపీ పెట్టలేదట.

లైనక్స్ వాడేవాళ్లకు దీనికి పైసా ఖర్చు లేని టూల్స్ ఉన్నాయి. ఇంకో ఊళ్లో మీ కంప్యూటర్ ఉంటే ఆర్‌సింక్ చాలు. మొదటిసారే మొత్తం పంపుతుంది, తర్వాత మారినవి మాత్రమే. కాబట్టి నెట్ స్లోగా ఉన్నా నడుస్తుంది. పాస్‌వర్డ్ అడగకుండా ఎస్‌ఎస్‌హెచ్ కీ పెట్టుకోవాలి. గూగుల్ డ్రైవ్‌లాంటి క్లౌడ్‌కైతే ఆర్‌క్లోన్.

టైమ్ చూసుకునేది క్రాన్. క్రాన్‌ట్యాబ్‌లో కమాండ్ ముందు 30 2 * * * అని రాస్తే రోజూ రాత్రి రెండున్నరకు పని మొదలవుతుంది. కానీ ఆ టైమ్‌కు కరెంటు పోయి మెషీన్ ఆగితే క్రాన్ ఆ రోజు పని వదిలేస్తుంది. మన దగ్గర అనాక్రాన్ బెటర్, మెషీన్ ఆన్ అయ్యాక మిగిలిన పని పూర్తి చేస్తుంది.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది డిలీట్ ఆప్షన్‌తో. అది పెడితే ఇక్కడ పొరపాటున తీసేసిన ఫైల్ రాత్రికి అక్కడా మాయమవుతుంది. పాత కాపీలు కూడా కావాలంటే రెస్టిక్ వాడండి. రోజువారీవి 7, వారానికొకటి చొప్పున 4 ఉంచమని చెప్పొచ్చు, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ కూడా చేస్తుంది. డేటాబేస్ ఉంటే నడుస్తున్న ఫైళ్లను నేరుగా కాపీ చేయొద్దు, ముందు డంప్ తీసి దాన్ని పంపండి.

సెట్ చేసి మర్చిపోతే? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఓ ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే డిలీట్ చేశారు. తీరా చూస్తే రోజువారీ డంప్ ఎప్పటినుంచో ఫెయిల్ అవుతోంది, ఆ హెచ్చరిక మెయిల్స్ ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ వేరే పనికి తీసుకున్న ఆరు గంటల పాత కాపీ దొరికింది.

అందుకే నెలకోసారి ఏదో ఒక ఫైల్‌ను బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి. రెస్టిక్ పాస్‌వర్డ్‌ను సర్వర్‌లో మాత్రమే ఉంచకుండా, కాగితం మీద రాసి ఇంకో ఇంట్లో పెట్టండి. అది పోతే బ్యాకప్ ఉన్నా తెరుచుకోదు.