బొంబొనేరాలో ఆ 82వ నిమిషం

బ్రెజిల్‌లోని సాంతోస్ రేవు పట్టణం. కాఫీ బస్తాలు ఓడలెక్కేది అక్కడినుంచే. బ్యూనస్ ఐరిస్‌లోని బోకా కూడా రేవు పేటే. ఇటలీలోని జెనోవా నుంచి వలస వచ్చినవాళ్లు కాపురాలు పెట్టిన చోటు. 1963 సెప్టెంబరులో ఈ రెండు రేవుల జట్లు దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద కప్పు, కోపా లిబర్టడోరెస్ కోసం తలపడ్డాయి. ఇరుగుపొరుగు దేశాలే అయినా ఫుట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి బ్రెజిల్‌కీ అర్జెంటీనాకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పైగా ఈ కప్పు ఫైనల్‌కు చేరిన తొలి అర్జెంటీనా జట్టు బోకా జూనియర్స్. సాంతోస్ అంతకుముందు ఏడాది విజేత. ఆ జట్టులో పెలే ఉన్నాడు.

అప్పటి పద్ధతి ప్రకారం ఒక మ్యాచ్ ఒకరి గడ్డమీద, రెండోది మరొకరి గడ్డమీద. లెక్క పాయింట్లది, గోల్స్‌ది కాదు. చెరొకటి గెలిస్తే తటస్థ వేదికలో మూడో మ్యాచ్ ఆడాలి. 1962 కప్పు సాంతోస్‌కు దక్కింది అలాంటి మూడో మ్యాచ్‌లోనే.

తొలి మ్యాచ్ రియోలోని మరకానాలో జరిగింది. అరగంట కూడా గడవకముందే సాంతోస్ మూడు గోల్స్ కొట్టేసింది: కుటినో రెండు, లిమా ఒకటి. అక్కడితో అంతా తేలిపోయినట్టే కనిపించింది. కానీ బోకా ఫార్వర్డ్ హోసే సాన్‌ఫిలిప్పో విరామానికి ముందొకటి, ఆట చివర్లో ఇంకొకటి కొట్టి 3-2కి తెచ్చాడు. సొంతగడ్డపై గెలిస్తే చాలు, మూడో మ్యాచ్ ఖాయం. బోకా అభిమానులకు అంతకన్నా ఏం కావాలి?

రెండో మ్యాచ్ రోజు, సెప్టెంబరు 11న బోకా సొంత స్టేడియం బొంబొనేరా నిండిపోయింది. మూడు వైపులా నిటారుగా లేచిన స్టాండ్లు మైదానం అంచు దాకా వచ్చి ఉంటాయి కాబట్టి జనం కేకలు ఆటగాళ్ల నెత్తిమీదే పడతాయి. రెండో సగం మొదలవుతూనే సాన్‌ఫిలిప్పో గోల్ చేశాడు. స్టేడియం హోరెత్తింది. ఆ హోరు సద్దుమణగకముందే, 50వ నిమిషంలో ఇరవై ఏళ్ల కుటినో స్కోరు సమం చేశాడు. బోకా డిఫెండర్లు పెలేను వదిలిపెట్టలేదు. పెనుగులాటలో అతని నిక్కరు చిరిగిపోయింది. ఆట మధ్యలో మైదానంలోనే మార్చుకోవాల్సి వచ్చింది. 82వ నిమిషంలో అతనే గెలుపు గోల్ కొట్టాడు. 2-1. మూడో మ్యాచ్ అవసరం లేకుండానే సాంతోస్ వరుసగా రెండోసారి కప్పు అందుకుంది.

పెలే ప్రపంచకప్పుల గురించి అందరూ చెప్పుకుంటారు. చుట్టూ ఒక్క చప్పట్ల మోత కూడా తనది కాని చోట అతను కొట్టిన ఈ గోల్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదు. పొరుగువాడి ఇంట్లో, పొరుగువాడి జనం ముందు గెలవడమే ఛాంపియన్‌కు అసలు పరీక్ష. రెండు మ్యాచ్‌ల ఫైనల్ ఆ పరీక్షను తప్పించుకోనిచ్చేది కాదు.

బోకా నలభై ఏళ్లు ఆగి, 2003 ఫైనల్లో సాంతోస్‌ను రెండు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది. 2019 నుంచి ఈ కప్పు ఫైనల్ ముందే నిర్ణయించిన వేదికలో జరిగే ఒకే ఒక్క మ్యాచ్.